లకుముకిపిట్ట రోజులు

"సంక్రాంతి వెళ్లాక పిల్లదాన్ని తీసుకుని గ్రీసు వెళ్లొద్దామనుకుంటున్నాం అమ్మా" అని హైదరాబాదు నుంచి కూతురు ఫోను చేసి చెబితే, తెనాలిలోని తల్లి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక్కటే అడిగింది. "ఎనిమిదో నెల బిడ్డే తల్లీ. ఇప్పుడిప్పుడే ఉగ్గు మింగుతోంది. దాన్ని చంకనేసుకుని సముద్రాలు దాటాలా? అదీ చలికాలంలో?"

తెలిసినవాళ్ల ఇంట విన్న మాట ఇది. ఆ తల్లి గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. ఇలాంటి సంభాషణ ఇవాళ చాలా తెలుగు ఇళ్లలో, వేరే వేరే ఊళ్ల పేర్లతో నడుస్తూనే ఉంది. చంటిబిడ్డతో దూరప్రయాణం తగునా అన్నది అందులో మొదటి సందేహం. అందరూ వెళ్లే కాలం వదిలి అన్‌సీజన్‌లో వెళ్లడమేమిటన్నది రెండోది. గ్రీసు సంగతిలో మాత్రం మొదటిదానికి జవాబు రెండోదానిలోనే దొరుకుతుంది. బిడ్డతో ఆ దేశం వెళ్లదలిస్తే అన్‌సీజనే సరైన సీజన్.

గ్రీసు జనాభా కోటికి కాస్త ఎక్కువ. 2024లో ఆ దేశం చూడవచ్చిన విదేశీయులు మూడున్నర కోట్లకు పైమాటే. ఈ జనమంతా పన్నెండు నెలలకూ సమంగా సర్దుకుని రారు. ఎక్కువమంది వేసవి నెలల్లోనే దిగుతారు. జూలై, ఆగస్టుల్లో ఏథెన్స్ ఎండ నలభై డిగ్రీలు దాటే రోజులుంటాయి. 2023 జూలైలోనూ, 2024 జూన్‌లోనూ వడగాలులకు తట్టుకోలేక ఆక్రొపొలిస్ కొండను మధ్యాహ్నపు వేళల్లో మూసివేయాల్సి వచ్చింది. ఆ కొండ మీద నీడనిచ్చే చెట్లు దాదాపు లేవు. కింద కాలే పాలరాయి, పైన కాలే ఆకాశం. పెద్దవాళ్లకే నిలవడం కష్టమైన ఆ ఎండకు, ఒంటి వేడిని తనంతట తాను అదుపు చేసుకోవడం ఇంకా పూర్తిగా చేతకాని పసిబిడ్డను అప్పగించడం ఏ తల్లీ చేయదు.

అదే కొండ జనవరిలో వేరుగా ఉంటుంది. ఏథెన్స్‌లో ఆ నెల పగటి ఉష్ణోగ్రత పదమూడు డిగ్రీల దగ్గర ఉంటుంది. మన హైదరాబాదు జనవరి తెల్లవారుజాముకు అది కాస్త దగ్గరి బంధువు. ఒక స్వెటరు, ఒక కుళ్లాయి, కాళ్లకు మేజోళ్లు చాలు. మనకు వానకారు నైరుతితో వస్తే, వాళ్లకు వాన చలికాలంలోనే వస్తుంది. వేసవిలో ఎండి గోధుమరంగుకు తిరిగే గ్రీకు కొండలు అప్పుడు పచ్చబడతాయి. ఏథెన్స్ వీధుల వెంబడి వరసగా నాటిన చేదునారింజ చెట్లు నిండా కాయలతో మెరుస్తుంటాయి. జనవరి ఆఖరుకు బాదం చెట్లు ఆకు వేయకముందే పూత వేయడం మొదలుపెడతాయి. ఆలివ్ కాయలు దులిపి గానుగకు పంపే కాలం కూడా ఇదే. పోస్టుకార్డుల్లో కనిపించే గ్రీసు వేసవిది కావచ్చు. గ్రీకులు తమ కోసం బతికే గ్రీసు చలికాలానిది.

ఆ చలికాలం నడుమ వచ్చే కొన్ని రోజులకు గ్రీకులు ఒక పేరు పెట్టుకున్నారు. 'అల్కియోనిదెస్' అంటారు. మన మాటలో లకుముకిపిట్ట రోజులు. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా, ముఖ్యంగా జనవరి రెండో సగంలో, గాలి పడిపోయి, మబ్బు విడిపోయి, నాలుగైదు రోజులు నిండుగా ఎండ కాసే సందర్భాలుంటాయి. వాటి వెనుక ఒక పాత కథ ఉంది. గాలుల దేవుడు ఏయొలస్ కూతురు అల్కియోని. ఆమె భర్త కీక్స్ తుపానులో ఓడ మునిగి చనిపోయాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన భర్త దేహాన్ని చూసి ఆమె సముద్రంలోకి దూకింది. దేవతలు జాలిపడి ఇద్దరినీ లకుముకిపిట్టలుగా మార్చారు. కాని పిట్టకు కష్టం తీరలేదు. అది గూడు కట్టుకుని గుడ్లు పెట్టేది నడిచలికాలంలో. అలలు గూటిని కొట్టుకుపోయేవి. అప్పుడు తండ్రి తన గాలులన్నిటినీ కట్టేశాడట. గుడ్లు పొదిగి పిల్లలు బయటపడేదాకా సముద్రం కదలకూడదని ఆజ్ఞ. ఆ శాంతి శీతాకాలపు అయనాంతానికి ముందు ఏడు రోజులు, తర్వాత ఏడు రోజులు అని లెక్క కూడా చెప్పేవారు. అరిస్టాటిల్ తన జంతుశాస్త్ర గ్రంథంలో ఈ సంగతి ప్రస్తావించాడు.

లకుముకిపిట్ట నిజానికి ఏటి గట్టు మట్టిలో బొరియ చేసుకుని, వసంతంలో పిల్లల్ని చేస్తుంది. ఆ రోజుల ఎండకు కారణం ఆ ప్రాంతం మీద నిలిచే అధిక గాలి పీడనం. శాస్త్రం అది. అయినా కథ చెప్పే సంగతి చిన్నది కాదు. పసికూనల కోసం ప్రకృతే కాస్త ఆగాలని ఒక జాతి కోరుకుంది. ఆగితే బాగుంటుందని నమ్మింది. బిడ్డతో ప్రయాణం పెట్టుకునే తల్లిదండ్రులు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఆ ఆగడమే.

చలికాలానికి ఉన్న ఇబ్బందుల్నీ దాచకుండా చెప్పుకోవాలి. సాంటోరిని, మైకొనోస్ వంటి దీవుల్లో అక్టోబరు ఆఖరుకే చాలా హోటళ్లు, భోజనశాలలు తలుపులు వేసుకుంటాయి. ఓడలు తగ్గుతాయి. గాలి బోఫోర్ట్ కొలతలో ఎనిమిదికి చేరితే తీరరక్షక దళం ఓడల్ని కదలనివ్వదు. దానికి 'అపగొరెఫ్తికో' అని పేరు, అంటే నిషేధం. ఏథెన్స్ రేవు అయిన పిరేయస్‌లో ఆ మాట వినబడిందంటే ఆ పూటకు ప్రయాణం లేనట్టే. చంటిబిడ్డతో ఏదో దీవిలో చిక్కుకుని, తిరుగు విమానం తప్పిపోయే పరిస్థితి ఎవరికీ వద్దు. అందుకే నీలి గుమ్మటాల తెల్లటి ఊళ్లను ఇంకో ఏటికి వదిలేయడం మేలు. సముద్రం మీద కాస్త తిరగాలనుకుంటే పిరేయస్ నుంచి గంటన్నరలోపే చేరగల ఎజీనా దీవి ఉంది. వాతావరణం బాగున్న పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. మిగిలిన రోజులు నేల మీదే గడపాలి. ఏథెన్స్‌లో ఐదారు రోజులు, నాఫ్‌ప్లియో అనే ఊళ్లో మూడు రోజులు. అంతకు మించి పెట్టుకుంటే అది బిడ్డ ప్రయాణం కాదు, సామాను ప్రయాణం.

బిడ్డ గడియారం సంగతి ముందే తెలిసి ఉండాలి. చలికాలంలో ఏథెన్స్ మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుంది. ఇంట్లో ఆరింటికి లేచే పాప అక్కడ రాత్రి రెండున్నరకు కళ్లు తెరిచి కేరింతలు కొడుతుంది. మొదటి రెండు మూడు రోజులు అంతే. దానితో పోట్లాడి లాభం లేదు. చీకట్లో ఆడించి, పాలుపట్టి, తెల్లవారగానే బయటికి తీసుకెళ్లి ఎండ చూపిస్తే ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది. దీనివల్ల ఒక మేలూ ఉంది. చలికాలంలో చాలా పురాతన స్థలాలు పొద్దున ఎనిమిదిన్నరకు తెరిచి మధ్యాహ్నం మూడున్నరకే మూసేస్తారు. ఐదు దాటేసరికి పొద్దుగూకుతుంది. పొద్దున్నే లేచే బిడ్డకూ, పొద్దున్నే తెరిచే గేటుకూ భలే పొత్తు కుదురుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ పురాతన స్థలాలకు టిక్కెట్టు కూడా ఉండదు.

ఏథెన్స్ వీధులు చంటిబిడ్డ బండికి అంత అనుకూలం కాదు. సందుల్లో కాలిబాటలు ఇరుకు. మధ్యలో చెట్లు, అడ్డంగా పెట్టిన మోటారు సైకిళ్లు. ఆ విషయంలో మన ఊళ్లే గుర్తొస్తాయి. ఆక్రొపొలిస్ పైకి స్ట్రోలర్‌ను తీసుకుపోనివ్వరు, కింద వదిలి వెళ్లాలి. వేల ఏళ్లుగా లక్షల పాదాలు తొక్కి నునుపెక్కిన రాయి వాన పడితే జారుతుంది. అక్కడ పనికొచ్చేది గుండెకు కట్టుకునే క్యారియరే. మన అమ్మమ్మలు పాతచీరతో కట్టుకున్నది ఇదే కదా. బండి మీద తిప్పాలనుకుంటే కొండ కింద దియొనీసియు అరెయొపాగితు అనే విశాలమైన వీధి ఉంది. అక్కడ వాహనాలు తిరగవు. పాప నిద్రపోయేదాకా దాని మీద అటూ ఇటూ నడవవచ్చు. తలెత్తితే పార్థెనాన్. క్రీ.పూ. 447లో కట్టడం మొదలుపెట్టిన గుడి అది. పాప నిద్ర లేచేదాకా అది ఎక్కడికీ పోదు.

దగ్గరలోనే అటాలస్ స్టోవా ఉంది. ప్రాచీన అంగడి ప్రాంగణంలో 1950లలో తిరిగి నిలబెట్టిన పొడవాటి వసారా అది. అందులోని మ్యూజియంలో వీరుల విగ్రహాలకంటే ఒక మట్టి వస్తువు దగ్గర పిల్లల తల్లులు ఎక్కువసేపు నిలబడతారు. క్రీ.పూ. 6వ శతాబ్దపు చంటిపిల్లల కుర్చీ అది. కింద కాలు, పైన పీట, కాళ్లు బయటికి పెట్టుకోవడానికి ముందు రంధ్రం, పీట మధ్యలో ఇంకో రంధ్రం. బిడ్డను కూర్చోబెట్టి మలమూత్రాలు అలవాటు చేయించడానికి కుమ్మరి చేసిన సాధనం. అందులో ఒక పసివాణ్ణి కూర్చోబెట్టి తీసిన ఫొటో కూడా ఉంది. వాడు సరిగ్గా ఇమిడిపోయాడు. మన ఇళ్లలో అమ్మమ్మ కాళ్లు బారజాపి, పాదాల మధ్య బిడ్డను కూర్చోబెట్టుకునే భంగిమకు అది మట్టి రూపం. గ్రీకు మ్యూజియాల్లో పక్కకు కొమ్ము ఉన్న చిన్న మట్టి పాత్రలూ కనిపిస్తాయి. పసిపిల్లలకు పాలు పట్టేందుకు వాడినవి. చూడగానే తెలుగువాళ్ల నోట వచ్చే మాట ఒక్కటే: ఉగ్గుగిన్నె. వాటిలో చాలావరకు చిన్నపిల్లల సమాధుల్లో దొరికినవని తెలిసినప్పుడు, ఒళ్లో ఉన్న బిడ్డను ఏ తల్లయినా కాస్త గట్టిగా పొదువుకుంటుంది.

ఏథెన్స్‌లోనే, కెరామికోస్ ప్రాచీన శ్మశానవాటిక మ్యూజియంలో ఇంకొక రాయి ఉంది. క్రీ.పూ. 5వ శతాబ్దపు చివరి కాలానిది. అంఫరెటి అనే స్త్రీ కుర్చీలో కూర్చుని ఉంది. ఎడమ చేతిలో గుడ్డలో చుట్టిన పసిబిడ్డ. కుడి చేతిలో ఒక చిన్న పిట్ట, బిడ్డకు చూపిస్తున్నట్టుగా. చూసినవాళ్లు తల్లీబిడ్డలనే అనుకుంటారు. కాదు. ఆ బిడ్డ ఆమె కూతురి బిడ్డ అని రాతి మీద చెక్కిన మాటలు చెబుతాయి. బతికి ఉండగా ఒళ్లో ఆడించిన ఆ పసిబిడ్డను చావులోనూ ఎత్తుకునే ఉన్న అమ్మమ్మ ఆమె. రెండువేల నాలుగు వందల ఏళ్ల కిందటి ఆ చూపుకీ, ఫోను అవతల తెనాలిలో మాట పెగలని ఆ తల్లి చూపుకీ తేడా ఏముంది?

రాళ్లను వదిలి మనుషుల దగ్గరికి వస్తే అన్‌సీజన్ ఇచ్చే అసలు బహుమానం తెలుస్తుంది. వేసవిలో భోజనశాల పనివాళ్లకు తల ఎత్తే తీరిక ఉండదు. జనవరిలో పది బల్లల్లో రెండే నిండి ఉంటాయి. అక్కడికి చంటిబిడ్డ వచ్చిందంటే వంటగదిలో ఉన్న పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ బయటికొస్తుంది. "నా సస్ జీసి" అంటుంది. మీ బిడ్డ మీకు దక్కాలి, బతకాలి అని. మనం నిండు నూరేళ్లు అన్నట్టే. ఆ వెంటనే "ఫ్తు, ఫ్తు, ఫ్తు" అని మూడుసార్లు ఉమ్మినట్టు చేస్తుంది. తెలియనివాళ్లు ఉలిక్కిపడతారు. తెలుగువాళ్లకు మాత్రం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, అది దిష్టి తీయడమే. ముద్దొచ్చే బిడ్డను మెచ్చుకున్న నోటితోనే దిష్టి తగలకుండా చేసే జాగ్రత్త అది. కన్ను పడకుండా పిల్లల బట్టలకు నీలిరంగు కన్ను పూసను గుచ్చుతారు. మనం బుగ్గన నల్లచుక్క పెడతాం. దిష్టి తగిలిందనుకుంటే వాళ్లు నీళ్లలో నూనెచుక్క వేసి చూస్తారు, మనం ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పుతాం. నలభై రోజులదాకా బాలింతను గడప దాటనివ్వని ఆచారం వాళ్లకూ ఉంది. ఆ నలభై గడిచాక తల్లీబిడ్డల్ని చర్చికి తీసుకెళ్లి దీవెన ఇప్పిస్తారు.

ఆ ఆప్యాయత వెనుక ఒక లోటు కూడా ఉంది. గ్రీసులో ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1.3 దగ్గర పడిపోయింది. పుట్టే ప్రతి బిడ్డకూ ప్రభుత్వం డబ్బిచ్చే పథకాన్ని 2020లో తెచ్చి, 2024లో మొత్తాన్ని ఇంకా పెంచింది. పిల్లల అలికిడి తగ్గుతున్న ఊళ్లలో ఎవరి బిడ్డ నవ్వినా అందరి ముఖాలూ విచ్చుకుంటాయి. కుటుంబాలు కుదించుకుపోతున్న మన తెలుగు నేల కూడా ఆ దారిలోనే నడుస్తున్నదని మరిచిపోకూడదు.

ఏథెన్స్‌కు దాదాపు నూట నలభై కిలోమీటర్ల దూరంలో నాఫ్‌ప్లియో. 1834లో ఏథెన్స్‌కు మారేదాకా స్వతంత్ర గ్రీసుకు రాజధాని అదే. వేసవి దీవుల్లా తలుపులు మూసుకునే ఊరు కాదు, ఏడాదంతా జనం బతికే ఊరు. చుట్టూ నారింజ తోటలు, జనవరిలో కాయలతో బరువెక్కి ఉంటాయి. పైనున్న పలమీది కోటకు మెట్లు 999 అని ఊరివాళ్ల లెక్క. బిడ్డతో అవి ఎక్కనక్కర్లేదు, కోట దాకా రోడ్డు ఉంది. అక్కడికి ముప్పై కిలోమీటర్ల లోపే ఎపిడారస్. రోగులు వైద్య దేవుడు అస్క్లీపియస్ గుడిలో పడుకుని స్వస్థత కోరుకున్న చోటు. దాని పక్కనే పద్నాలుగు వేల మంది పట్టే రాతి రంగస్థలం. నడుమ నిలబడి మెల్లగా మాట్లాడినా పై వరుసల దాకా వినిపిస్తుందని పేరు. వేసవిలో అక్కడ బిడ్డ ఏడిస్తే నాలుగు వైపుల నుంచీ చూపులు వచ్చి గుచ్చుకుంటాయి. జనవరి పొద్దున ఆ ఏడుపు వినేది చుట్టూ ఉన్న పైన్ చెట్లు మాత్రమే.

ఇక సర్దుకోవాల్సినవి. ఒళ్లో బిడ్డకైనా సొంత పాస్‌పోర్టు ఉండాలి. గ్రీసు వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసాకు ఆరేళ్లలోపు పిల్లలకు రుసుము లేదు. పెద్దవాళ్లకు 2024 జూన్ నుంచి 90 యూరోలు. పన్నెండేళ్లలోపు పిల్లల వేలిముద్రలు అడగరు. ప్రయాణ బీమా మాత్రం బిడ్డకూ తప్పనిసరి, కనీసం 30,000 యూరోల వైద్యఖర్చుకు సరిపోవాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు కనుక చివరి వారందాకా ఆగకూడదు. విమానంలో ముందు గోడకు తగిలించే ఉయ్యాల ఉన్న సీట్లు కొన్నే ఉంటాయి, టిక్కెట్టు తీసుకున్న రోజే అడగాలి. విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు పాలు పట్టాలి. గుటక వేస్తుంటే చెవుల నొప్పి తగ్గుతుంది.

టీకాల సంగతి డాక్టరుతోనే తేల్చుకోవాలి. మన దేశంలో తట్టు టీకా మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాక వేస్తారు. విదేశం వెళ్లే బిడ్డకు ఆరు నెలలు దాటితే ముందుగానే ఒక డోసు వేసే పద్ధతి ఉంది. ఆ తర్వాత మామూలు డోసులూ వేయించాలి. ఇంకొక్క మాట గట్టిగా చెప్పాలి. గ్రీసులో పెరుగు మీద తేనె పోసి ఇవ్వడం మర్యాద. పెద్దలకు అది అమృతం. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె చుక్క కూడా పెట్టకూడదు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిపిల్లల పేగుల్లో పెరిగి, ఒళ్లు చచ్చుబడే ప్రమాదకరమైన జబ్బు తెస్తుంది. పుట్టగానే నాలుకకు తేనె రాసే మన ఇళ్లలో కూడా ఈ సంగతి తెలియాలి. వట్టి పెరుగు, మెత్తగా ఉడికిన అన్నం, గుమ్మడికాయ, అరటిపండు ఎక్కడైనా దొరుకుతాయి. వంటగది ఉన్న బస తీసుకుంటే చాలు. అమ్మమ్మ కాచిన నెయ్యి సీసా మాత్రం ఇంట్లోనే ఉంచాలి. బయటి దేశాల నుంచి పాల పదార్థాలను యూరప్‌లోకి తేనివ్వరు. సీలు తీయని పిల్లల పాలపొడికి రెండు కిలోల దాకా మినహాయింపు ఉంది. జ్వరం వస్తే పచ్చని శిలువ గుర్తు ఉన్న మందుల షాపు ప్రతి పేటలోనూ ఉంటుంది. అత్యవసరమైతే 112.

ఇంత సర్దుకుని ఎందుకు వెళ్లాలి? బిడ్డకు ఏదీ గుర్తుండదు కదా అంటారు. నిజమే, బిడ్డకు గుర్తుండదు. కాని ప్రసవం తర్వాత ఎనిమిది నెలలు నాలుగు గోడల మధ్య, నిద్ర లేని రాత్రుల మధ్య గడిపిన ఒక అమ్మాయి మళ్లీ ఆకాశం కింద నడవాలని కోరుకోవడంలో తప్పేముంది? ఆ కోరిక వింటే చాలామంది ముందు బిడ్డ ముఖం చూస్తారు. తల్లి ముఖం చూసేవాళ్లు తక్కువ. ఆమె అలసట తీరితే దాని ఫలం మొదట అందేది బిడ్డకే. తండ్రి కూడా ఆ పది రోజులూ ఆఫీసు లేకుండా, బిడ్డను గుండెకు కట్టుకుని, డైపర్ మారుస్తూ, రాత్రి రెండున్నరకు ఉయ్యాల ఊపుతూ గడిపితే, వాళ్లు చూసిన గుడులకంటే అదే ఎక్కువ కాలం నిలుస్తుంది. ప్రయాణం పెట్టుకున్నవాళ్లు కూడా ఒక నియమం పాటించాలి. రోజుకు ఒక్క చోటు. బిడ్డకు ఒళ్లు వెచ్చబడితే అదీ లేదు. డాక్టరు వద్దంటే టిక్కెట్టు డబ్బు పోయినా ప్రయాణం మానుకోవడమే.

తెనాలి తల్లి రెండు రోజుల తర్వాత తానే ఫోను చేసిందట. వద్దని చెప్పడానికి కాదు, ఉన్ని కుళ్లాయి రెండు అల్లుతున్నానని చెప్పడానికి. అలాంటి పెద్దలు ప్రతి ఇంటా ఉండాలి. మీ ఇంట్లో పిల్లలు పసిబిడ్డతో ఎక్కడికైనా బయలుదేరుతుంటే, వద్దనే ముందు ఒక్క ప్రశ్న అడగండి: బిడ్డ టీకా కార్డు సంచిలో పెట్టుకున్నారా? పెట్టుకున్నామని చెబితే, దీవించి పంపండి.